వంటకు కొబ్బరి నూనె మంచిదేనా? నల్గొండ, పాలమూరు ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిండి గురించి సలహా అడిగేవాళ్లలో ఈ మధ్య చాలామంది కొబ్బరి నూనె మాటే ఎత్తుతున్నారు. నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు వంటలో కొబ్బరి నూనె వాడే అలవాటు లేదు. పల్లి నూనె, నువ్వుల నూనె, కొన్ని చోట్ల కుసుమ నూనె, ఆ తర్వాత వచ్చిన సన్‌ఫ్లవర్ ప్యాకెట్లు, రేషన్ పామాయిల్, ఇవే మన వంట నూనెలు. కొబ్బరి నూనె తలకు రాసుకోవడానికే. ఇప్పుడు వాట్సాప్‌లో వీడియోలు చూసి దాన్ని వంటింట్లోకి తెస్తున్నారు. తెస్తే తెచ్చుకోవచ్చు. కానీ కొందరు డాక్టర్ రాసిన మందులు పక్కన పెట్టి, పొద్దున్నే రెండు చెంచాల కొబ్బరి నూనె తాగుతున్నారు. వాళ్లను చూసే ఈ జవాబులు రాస్తున్నాను.

పల్లి నూనె మానేసి పూర్తిగా కొబ్బరి నూనెకు మారాలా?

అక్కర్లేదు. ఆరోగ్యం కోసమే అయితే మారకపోవడమే మంచిది. రుచి నచ్చి అప్పుడప్పుడు ఒక కూరలో, ఒక పోపులో వాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు. రోజూ మూడు పూటలా అదే నూనె పోసి వండితే మాత్రం మనకు మేలు జరుగుతుందని చెప్పే ఆధారం లేదు, కీడు జరగవచ్చని చెప్పే ఆధారం ఉంది. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

కొబ్బరి నూనెలో అసలు ఏముంటుంది?

ఏ నూనె అయినా దాదాపు మొత్తం కొవ్వే. గ్రాముకు 9 కేలరీలు. కొబ్బరి నూనెకైనా, పల్లి నూనెకైనా, గానుగ నూనెకైనా, రిఫైన్డ్ నూనెకైనా ఇదే లెక్క. తేడా అంతా ఆ కొవ్వు ఏ రకం అన్న దగ్గరే ఉంది.

కొబ్బరి నూనెలో 82 నుంచి 90 శాతం దాకా సంతృప్త కొవ్వు, అంటే శాచురేటెడ్ ఫ్యాట్ ఉంటుంది. నెయ్యిలో ఇది 60 శాతానికి కాస్త పైన. పామాయిల్‌లో దగ్గర దగ్గర సగం. తవుడు నూనెలో 20-25 శాతం, పల్లి నూనెలో 17-20, నువ్వుల నూనెలో సుమారు 15, సన్‌ఫ్లవర్‌లో 10-11. నెయ్యి కంటే కొబ్బరి నూనెలోనే సంతృప్త కొవ్వు ఎక్కువ అని చెబితే చాలామంది నమ్మరు. చెట్టు కాయ నుంచి వచ్చిన నూనె గేదె నెయ్యి కంటే బరువైనది ఎట్లా అవుతుందని అడుగుతారు. కొవ్వు రకాన్ని చెట్టా, పశువా అన్నదాన్ని బట్టి తేల్చలేం.

సీసా మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. కానీ మన రక్తంలో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన ఒంట్లోనే, ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను తిరిగి లోపలికి తీసుకునే పని కూడా కాలేయానిదే. సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే కాలేయం ఈ పనిలో వెనకబడుతుంది. రక్తంలో ఎల్‌డీఎల్ మిగిలిపోతుంది, ఏళ్ల తరబడి రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

గుండెకు మంచిదని ఒకరు, విషమని ఇంకొకరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

ఇద్దరినీ నమ్మొద్దు. 2018లో జర్మనీలో ఒక ప్రొఫెసర్ ప్రసంగంలో కొబ్బరి నూనెను విషంతో పోల్చారు, ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అంతమాట అవసరం లేదు. చెంచా కొబ్బరి నూనెతో ఎవరి గుండే ఆగదు. అటు వైపు, కొబ్బరి నూనె తాగితే రక్తనాళాల్లో బ్లాకులు కరిగిపోతాయని చెప్పే వీడియోలకు అసలు ఆధారమే లేదు.

పరిశోధనలు ఏం చెబుతున్నాయో చూద్దాం. 2020లో ‘సర్క్యులేషన్’ అనే వైద్య పత్రికలో 16 పరీక్షల ఫలితాలను కలిపి లెక్కగట్టారు. సన్‌ఫ్లవర్, ఆలివ్, సోయా వంటి నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె వాడినవాళ్లలో ఎల్‌డీఎల్ ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తానికి సగటున 10 మిల్లీగ్రాములు పెరిగింది. హెచ్‌డీఎల్, అంటే మంచి కొలెస్ట్రాల్ కూడా 4 మిల్లీగ్రాముల దాకా పెరిగింది. అంతకు ముందే, 2017లో, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కొబ్బరి నూనెను రోజువారీ వంట నూనెగా వాడొద్దని సలహా ఇచ్చింది.

దీనికి ఎదురుగా 2018లో కేంబ్రిడ్జ్ పరిశోధకుల పరీక్ష ఒకటి ఉంది. అందులో రోజుకు 50 గ్రాముల చొప్పున 4 వారాలు కొబ్బరి నూనె తీసుకున్నవాళ్లలో ఎల్‌డీఎల్ ఆలివ్ నూనె తీసుకున్నవాళ్ల కంటే పెద్దగా పెరగలేదు, వెన్న తిన్నవాళ్లలో పెరిగింది. వీడియోల్లో చూపించేది ఎప్పుడూ ఈ ఒక్క పరీక్షనే. అది నిజమైన పరీక్షే, కాదనను. కానీ నాలుగు వారాల పరీక్ష ఒకటి చూసి, పదహారు పరీక్షల మొత్తాన్ని పక్కన పెట్టడం సరైన లెక్క కాదు.

మంచి కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది కదా? రెండూ పెరిగితే సరిపోలేదా?

ఇది తెలివైన ప్రశ్న, డాక్టర్లే కొన్నేళ్ల కింద ఇట్లాగే ఆలోచించారు. హెచ్‌డీఎల్ పెంచితే గుండెపోట్లు తగ్గుతాయని నమ్మి, దాన్ని పెంచే మందులు తయారు చేసి వేలమంది మీద పరీక్షించారు. హెచ్‌డీఎల్ బాగా పెరిగింది, గుండెపోట్లు ఆశించినట్టు తగ్గలేదు. ఎల్‌డీఎల్ తగ్గించే మందులతో మాత్రం గుండెపోట్లు నిజంగా తగ్గాయి. కాబట్టి రిపోర్టులో మొదట చూడాల్సింది ఎల్‌డీఎల్ అంకెనే. హెచ్‌డీఎల్ పెరిగిందన్న సంతోషంతో దాన్ని మరిచిపోకూడదు.

కేరళ వాళ్లు తరతరాలుగా కొబ్బరి నూనెతోనే వండుకుంటున్నారు. వాళ్లకేం కాలేదు కదా?

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మొదటి మాట, కేరళలో గుండె జబ్బులు, షుగర్ తక్కువేమీ కాదు. దేశంలో ఈ జబ్బుల భారం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో అదీ ఒకటి. అది కొబ్బరి నూనె వల్లేనని కూడా చెప్పలేం. మారిన తిండి, తగ్గిన ఒంటి పని, పొగాకు, పెరిగిన వయసు, అన్నీ కలిసి ఉంటాయి.

రెండో మాట, కేరళ ఇంట్లో కొబ్బరి నూనెతో పాటు చేపలు ఉంటాయి, తురిమిన పచ్చి కొబ్బరి ఉంటుంది. మొత్తం పళ్లెం వేరు. పసిఫిక్ మహాసముద్రంలోని టోకెలావు, పుకాపుకా దీవుల వాళ్లు కొబ్బరి విపరీతంగా తిన్నా గుండె జబ్బులు తక్కువగా ఉండేవని 1981లో వచ్చిన అధ్యయనాన్ని చాలామంది చెబుతారు. వాళ్లు తిన్నది ఎక్కువగా కొబ్బరికాయ, దాంతో చేప, పండ్లు. సీసాలో పోసిన నూనె కాదు. చక్కెర, మైదా చాలా తక్కువ. ఆ దీవి తిండిలో నుంచి నూనె ఒక్కటే తీసుకొచ్చి మన తెల్లన్నం, బజ్జీలు, తీపి చాయ్ మధ్యలో పెడితే అదే ఫలితం రాదు.

మూడో మాట, కేరళలోనే జరిగిన ఒక మంచి పరీక్ష ఉంది, 2016లో ప్రచురించారు. గుండె జబ్బు ఉన్న 200 మందిలో సగం మందికి కొబ్బరి నూనె, సగం మందికి సన్‌ఫ్లవర్ నూనె ఇచ్చి రెండేళ్లు చూశారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది విని కొబ్బరి నూనె మంచిదని తేలిపోయిందనుకుంటారు. కానీ వాళ్లలో దాదాపు అందరూ కొలెస్ట్రాల్ తగ్గించే మందులు వేసుకుంటూనే ఆ నూనె తిన్నారు. ఆ మాట వదిలేసి మిగతాది చెబితే అర్థమే మారిపోతుంది.

బరువు తగ్గుతారా? ఎంసీటీ అని ఏదో అంటున్నారు.

ఎంసీటీ అంటే మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్, మధ్యస్థ గొలుసుల కొవ్వు. ఒంట్లో త్వరగా కాలిపోతుంది, కొంచెం ఆకలి తగ్గిస్తుంది అన్నది కొంతవరకు నిజం. కానీ ఆ పరీక్షలు చేసింది ప్రయోగశాలలో విడిగా తీసిన ఎంసీటీ నూనెతో. మామూలు కొబ్బరి నూనెలో అట్లా త్వరగా కాలిపోయే గొలుసులు 15 శాతం దాకానే. సగం దాకా ఉండేది లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. పేరుకు దాన్ని ఎంసీటీలో కలుపుతారు గానీ, ఒంట్లో అది ఎక్కువగా పెద్ద గొలుసుల కొవ్వులాగే నడుచుకుంటుంది.

ఒక పెద్ద చెంచా కొబ్బరి నూనెలో 120 కేలరీలు. తినే తిండిలో ఏమీ తగ్గించకుండా పొద్దున్నే రెండు చెంచాలు తాగితే రోజుకు 240 కేలరీలు అదనంగా చేరినట్టు. దాంతో బరువు తగ్గరు, పెరుగుతారు.

షుగర్, థైరాయిడ్, మతిమరుపు?

మూడింటికీ జవాబు ఒకటే, నయం చేస్తుందనడానికి సరైన రుజువు లేదు. థైరాయిడ్ మాత్ర కొబ్బరి నూనెను నమ్ముకుని ఆపేయడం ప్రమాదం. షుగర్ మాత్రలు కూడా అంతే. ఇంట్లో పెద్దవాళ్లు ఇట్లా చేస్తున్నారని తెలిస్తే దయచేసి ఊరుకోకండి, కూర్చోబెట్టి మాట్లాడండి.

రోగనిరోధక శక్తి పెంచుతుందా? క్రిములను చంపుతుందని చదివాం.

లారిక్ ఆమ్లం నుంచి వచ్చే మోనోలారిన్ గాజు పాత్రలో కొన్ని బ్యాక్టీరియాలను చంపుతుంది. కూరలో పడి, జీర్ణమై, రక్తంలో కలిసిన నూనె జ్వరాన్నో జలుబునో ఆపుతుందని ఎవరూ చూపలేదు.

మంచి గుణాలు ఏమీ లేవా మరి?

ఉన్నాయి. కొబ్బరి నూనె త్వరగా పాడవదు. సంతృప్త కొవ్వు ఎక్కువ కాబట్టి గాలి తగిలినా, వేడి తగిలినా మిగతా నూనెల కంటే ఆలస్యంగా కంపు పడుతుంది. మన ఎండాకాలానికి అది చిన్న మేలు కాదు. సువాసన ఉంటుంది. కొంచెం వేసినా కూరకు రుచి పడుతుంది, అట్లా వాడితే మొత్తం నూనె తగ్గుతుంది కూడా. గుండెకు చెడు చేసే ట్రాన్స్ ఫ్యాట్ ఎక్కువగా ఉన్న పాత రోజుల డాల్డా లాంటి వనస్పతితో పోలిస్తే నయం. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నియమం వచ్చింది గానీ, అంతకు ముందు ఏళ్ల తరబడి స్వీట్లు, బేకరీ బిస్కెట్లు వనస్పతితోనే నడిచాయి.

రోజుకు ఎంత నూనె వాడొచ్చు? నెలకు ఎన్ని లీటర్లు?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఏ నూనె అని అందరూ అడుగుతారు, ఎంత అని చాలా తక్కువమంది అడుగుతారు.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్, 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు అవసరమయ్యే మనిషికి నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి 27 గ్రాములు చాలంది. అంటే రెండు పెద్ద చెంచాలు. నెలకు మనిషికి 900 మిల్లీలీటర్ల లోపు. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే మూడున్నర లీటర్లు. ఐదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోయే ఇల్లు ఏ నూనె వాడినా గుండెకు ఇబ్బందే. పొలం పని, తాపీ పని చేసేవాళ్లకు కొంచెం ఎక్కువ పట్టొచ్చు, రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు తక్కువే చాలు.

ఇప్పుడు ఆ 27 గ్రాములూ కొబ్బరి నూనె అయితే ఏమవుతుందో లెక్క కడదాం. అందులో సంతృప్త కొవ్వు 22 నుంచి 24 గ్రాములు. సంతృప్త కొవ్వు నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 10 శాతం దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2000 కేలరీలకు అది సుమారు 22 గ్రాములు. ఒక్క వంట నూనెతోనే రోజు కోటా అయిపోయింది. పెరుగు, పాలు, చాయ్, ఆదివారం మటన్, పండక్కి నెయ్యి, వీటి లెక్క ఇంకా మొదలే కాలేదు. అదే 27 గ్రాములు పల్లి నూనె అయితే సంతృప్త కొవ్వు 5 గ్రాములు. మిగతా 17 గ్రాముల్లో పెరుగు, పాలు, అప్పుడప్పుడు మాంసం హాయిగా పడతాయి.

పల్లి నూనె మీద నాకు పట్టుదల ఉందని అనుకోకండి. మన దగ్గర యాసంగిలో పండే పల్లీలు, మన మిల్లులో పట్టిన నూనె, మన గుండెకు సరిపోయే లెక్క, మూడూ కలిసి వస్తుంటే, దూరం నుంచి వచ్చే ఖరీదైన నూనె కోసం ఎందుకు తాపత్రయపడాలి? 2025లో కేరళలోనే కొబ్బరి నూనె లీటరు 400 రూపాయలు దాటింది.

మటన్‌లో కుడుక పొడి వేస్తాం, చట్నీలో కొబ్బరి వేస్తాం. అదీ లెక్కలోకి వస్తుందా?

వస్తుంది, కానీ భయపడొద్దు. పచ్చి కొబ్బరిలో మూడో వంతు కొవ్వు, కుడుకలో 60-65 శాతం. కుడుక పొడి రెండు చెంచాలు నలుగురు తినే కూరలో పడితే మనిషికి వచ్చేది ఒకటి రెండు గ్రాముల కొవ్వే. పైగా కొబ్బరి ముక్కలో పీచు ఉంటుంది, నూనెలో పీచు చుక్క కూడా ఉండదు. పెళ్లిళ్లలో, పండగల్లో కుడుకలు పంచుకునే ప్రాంతం మనది. వాటిని మానమని నేనెవరికీ చెప్పను. ఆ కూరలో విడిగా పోసే నూనె మాత్రం ఒక గంటె తగ్గించండి. కుడుక, మటన్ రెండూ తమ కొవ్వు తామే వదులుతాయి.

మన వంటల్లో కొబ్బరి నూనె దేనికి నప్పుతుంది?

పెసరపప్పు పోపు, బీరకాయ కూర, సొరకాయ కూర, చేపల వేపుడు, కోడిగుడ్డు పొరటు బాగుంటాయి. దోసె పెనానికి రాయడానికి కూడా. తొక్కులకు నప్పదు. మామిడికాయ తొక్కు, చింతకాయ తొక్కు నువ్వుల నూనె, పల్లి నూనెతోనే నిలుస్తాయి, రుచిస్తాయి. పచ్చిపులుసులో కూడా ఆ వాసన ఇమడదు.

సకినాలు, గారెలు, అప్పాలు కొబ్బరి నూనెలో కాల్చొచ్చా?

శుద్ధి చేయని కొబ్బరి నూనె 175 డిగ్రీల దగ్గరే పొగ లేస్తుంది. గారెలు, అప్పాలు కాలే వేడి కూడా దాదాపు అంతే. అందుకే మూకుడులో పోసి కాల్చడానికి అది పనికిరాదు. శుద్ధి చేసిన కొబ్బరి నూనె 200 డిగ్రీల పైన తట్టుకుంటుంది, దాంతో కాల్చొచ్చు. కానీ సంక్రాంతికి కిలోల కొద్దీ సకినాలు చేసే ఇంట్లో ఆ నూనె మొత్తం పిండి వంటల్లోకే పోతుంది, ఆ సంతృప్త కొవ్వంతా మన కడుపులోకే. శుద్ధి చేసిన పల్లి నూనె, తవుడు నూనె ఈ పనికి మేలు.

అసలు ప్రమాదం మిగిలిన నూనెతో. పొద్దున బజ్జీలు కాల్చిన నూనె, సాయంత్రం మిర్చీలు, మర్నాడు మళ్లీ గారెలు. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ వస్తుంటే అది తినదగ్గది కాదు. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటకూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి హోటళ్లకు, బండ్లకు నియమం పెట్టింది. ఇంట్లో మీటరు ఉండదు కాబట్టి సులువైన పద్ధతి ఒకటే. మూకుడులో తక్కువ నూనె పోయండి, చల్లారాక వడకట్టి రెండు రోజుల్లో కూరల్లో వాడేయండి. మళ్లీ కాల్చడానికి దాచొద్దు.

వర్జిన్, గానుగ, రిఫైన్డ్, వీటిలో ఏది కొనాలి?

పచ్చి కొబ్బరి పాల నుంచి తీసినది వర్జిన్. ఎండు కొబ్బరిని గానుగ పట్టినది గానుగ నూనె. వాసన, రంగు తీసేసినది రిఫైన్డ్. మొదటి రెండింటిలో సువాసన, కొన్ని సహజ పదార్థాలు మిగులుతాయి. సంతృప్త కొవ్వు మాత్రం మూడింటిలో ఒకటే. ‘వర్జిన్ కాబట్టి కొలెస్ట్రాల్ పెరగదు’ అని దుకాణంలో చెబితే ఒప్పుకోకండి.

తలకు రాసుకునే సీసాలోది కూరలో పోయొచ్చా?

లేబుల్ చదవండి. తినదగినదైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, శాకాహారపు ఆకుపచ్చ చుక్క ఉంటాయి. చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరి నూనెను వంట నూనెగా చూడాలా, జుట్టు నూనెగా చూడాలా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వంట నూనెగానూ చూడొచ్చని 2024 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. అయితే అది పన్ను గురించి. మల్లె వాసనో, కరివేపాకో, మందు ఆకులో కలిపిన జుట్టు నూనె మాత్రం నోట్లోకి వెళ్లకూడదు.

యాదగిరిగుట్టకో, కురుమూర్తి జాతరకో పోయి వస్తే కొబ్బరి చిప్పలు చాలా మిగులుతాయి. ఇంట్లోనే నూనె తీయొచ్చా?

తీయొచ్చు. అదే రోజు తురిమి, గోరువెచ్చని నీళ్లతో పాలు పిండి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన మీగడ గడ్డకడుతుంది. దాన్ని మందపాటి గిన్నెలో సన్న సెగ మీద కాస్తే నీరు ఆవిరై నూనె తేలుతుంది. నీటి చుక్క మిగిలితే నూనె పాడవుతుంది, చిటపట ఆగేదాకా కాయాలి. రెండు రోజులు బయట పడి ఉండి జిగురు వచ్చిన చిప్పలు, బూజు పట్టిన కుడుకలు వద్దు. నూనె తీయడం కష్టమనిపిస్తే చిప్పలు తురిమి పల్లీలతో కలిపి చట్నీ చేయండి, పీచు కూడా దక్కుతుంది.

చలికాలంలో గడ్డకట్టింది. కల్తీనా?

కాదు. 24 డిగ్రీల కంటే తగ్గితే కొబ్బరి నూనె గట్టిపడుతుంది. డిసెంబర్ రాత్రుల్లో మన దగ్గర చలి అంతకంటే దిగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు కొంత గట్టిపడి కొంత నీళ్లగా మిగిలితే వేరే నూనె కలిసిందని అనుమానించొచ్చు. మొత్తం గట్టిపడినంత మాత్రాన స్వచ్ఛమైనదని అనుకోవడానికి లేదు, పామ్ గింజల నూనె కూడా అట్లాగే గడ్డకడుతుంది.

మా నాయినకు స్టెంట్ వేశారు. ఆయనకు కొబ్బరి నూనె పెట్టొచ్చా?

రోజువారీ వంటకు వద్దు. స్టెంట్ వేసుకున్నవాళ్లకు, గుండెపోటు వచ్చినవాళ్లకు, ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు సంతృప్త కొవ్వు తగ్గించడమే సలహా. పండక్కి ఒక కూరలో చెంచా పడితే ఏమీ కాదు. మందులు మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదు. ఆయన ఒక్కడికి వేరే వంట పెట్టకండి, ఇంటిల్లిపాదికీ అదే తక్కువ నూనె వంట పెట్టండి. వేరే గిన్నె చూస్తే పెద్దవాళ్లకు మనసు కష్టమవుతుంది, రెండు వారాల్లో మళ్లీ పాత తిండికి వస్తారు.

చిన్న పిల్లలకు, బాలింతలకు?

తల్లిపాలలో లారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి తల్లి కొబ్బరి నూనె తాగాలని చెబుతున్నారు. అక్కర్లేదు, ఒళ్లే దాన్ని తయారు చేసుకుంటుంది. ఆరు నెలలు దాటిన పిల్లల పప్పన్నంలో చెంచా నూనె లేదా నెయ్యి వేయడం మంచి అలవాటే, వాళ్లకు కొవ్వు కావాలి. కానీ మెదడుకు, ఎదుగుదలకు అత్యవసరమైన కొవ్వులు కొబ్బరి నూనెలో దాదాపు లేవు, 2 శాతమే. పల్లి, నువ్వుల నూనెలు, వాటితో పాటు అవిసె గింజల పొడి, చేపలు ఆ లోటు తీరుస్తాయి.

గానుగ పల్లి నూనె అయితే కళ్లు మూసుకుని వాడొచ్చా?

కళ్లు తెరిచే వాడండి. పల్లీలకు తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. రిఫైనరీలో అది చాలావరకు పోతుంది, గానుగలో పోదు. అందుకే మిల్లుకు తీసుకెళ్లే ముందు పల్లీలు చాట మీద పోసి ఏరండి. నల్లబడినవి, ముడుచుకుపోయినవి, చేదుగా ఉన్నవి పక్కన పడేయండి. వాటిని పశువులకూ పెట్టొద్దు, ఆ విషం పాలలోకి వస్తుంది. నూనె పట్టించడం చూసేటప్పుడు అడ్డం వచ్చే మొహమాటం వద్దు, డబ్బు మీది, కాలేయం మీది.

నూనెలు మార్చి మార్చి వాడమంటారు. ఎట్లా?

ఎన్ఐఎన్ కూడా ఒకే నూనెకు అంటిపెట్టుకోవద్దనే అంటుంది. ఒక నెల పల్లి నూనె, ఇంకో నెల తవుడు నూనె, తొక్కులకు, పోపులకు నువ్వుల నూనె, ఇట్లా సరిపోతుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల అన్ని రైస్ మిల్లులున్న చోట తవుడు నూనె మనకు కొత్త కాకూడదు. అందులోని ఒరైజనాల్ అనే సహజ పదార్థం కొలెస్ట్రాల్ కొంచెం తగ్గిస్తుంది. కొబ్బరి నూనె వాసన ఇష్టమైతే ఈ వరసలో దానికి చిన్న సీసా చోటు ఇవ్వండి, పెద్ద డబ్బా వద్దు.

ఇంత చెప్పినా మాకు కొబ్బరి నూనెతోనే వండుకోవాలని ఉంది. ఏం చేయాలి?

మొదలుపెట్టే ముందు లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించండి. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి, జిల్లాల్లోని తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. రిపోర్టు దాచుకోండి. రెండు నెలలు మీరనుకున్నట్టే వండుకుని తినండి, మిగతా తిండి మార్చకండి, మందులుంటే ఆపకండి. తర్వాత మళ్లీ అదే పరీక్ష చేయించి ఎల్‌డీఎల్ అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నూనెకు అందరి ఒళ్లూ ఒకేలా స్పందించవు. పెరగకపోతే మనిషికి రెండు చెంచాల హద్దులోనే కొనసాగించండి. పెరిగితే ఆ రిపోర్టు డాక్టర్‌కు చూపించి, పల్లి నూనెకు తిరిగి రండి.